రెండో బంతికి వడ్డించేదెవరు?

ఈ వారం కబుర్లు మనం రోజూ చూసే, చదివే సరుకు గురించి. ఇప్పుడు కంటెంట్ అంటున్నారు లెండి.

నేను ఐటీ కన్సల్టెంట్‌ని. సోమవారం పొద్దున్నే విమానం, గురువారం రాత్రికి ఇల్లు. మధ్యలో మూడు రాత్రులూ హోటల్ గదిలో యూట్యూబ్‌లో తెలుగు సినిమాలూ, కామెడీ బిట్లూ. చూడటం తప్పని నేననను. రోజంతా క్లయింటు దగ్గర ఇంగ్లీషులో నలిగినవాడికి తెలుగు చెవిన పడితే ప్రాణం లేచొస్తుంది. కానీ మన పెళ్ళిభోజనాల్లో మొదటి బంతిలో తిన్న కుర్రాళ్ళే రెండో బంతికి నడుం బిగించి వడ్డిస్తారు. అందరూ విస్తరి ముందే కూర్చుంటే గరిటె పట్టేదెవరు?

అమెరికాలో గరిటె పట్టినవాళ్ళు లేకపోలేదు. కంప్యూటర్లో తెలుగు రాయడమే గగనమైన రోజుల్లో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే ఆర్టీఎస్ పద్ధతి హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో పుట్టింది. అందులో 'ఆర్' ఆ రైసే. 1998లో ఈమాట పత్రిక మొదలైంది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. కాలిఫోర్నియాలో, డేవిస్‌లో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసరుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు గారు తెలుగులో సైన్సు రాస్తూనే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూర్చారు. వీళ్ళెవరికీ అది జీతం వచ్చే పని కాదు.

ఒకసారి తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరిచి చూడండి. చాలా ఊళ్ళకి పేజీ ఉంది. జనాభా, విస్తీర్ణం, బడులు, సాగునీరు - 2011 జనగణన అంకెలు బారుగా ఉంటాయి. మా ఊరిదీ అంతే. చెరువు పేరుండదు, తిరునాళ్ళు ఎప్పుడో ఉండదు. అది చూసి మావాడు "నాన్నా, అసలు అక్కడ ఏముంటుంది?" అన్నాడు.

మా నాన్నగారు చెప్పగలరు. ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆదివారం ఫోన్లో వీసా కబుర్లు తగ్గించి ఊరి కబుర్లు అడుగుతున్నాను, ఆయనకి చెప్పే రికార్డు చేస్తున్నాను. పోయినవారం చెరువు ఎవరు తవ్వించారో చెబుతూ, ఇద్దరి పేర్లు గుర్తు రాక మధ్యలో ఆగిపోయారు. నేనూ ఏమీ అనలేదు.

ఇంకో సంగతి. నాన్నగారి జ్ఞాపకాలు నేరుగా వికీపీడియాకి ఎక్కించడానికి లేదు, అచ్చైన ఆధారం అడుగుతారు. మంచి నియమమే. లేకపోతే ప్రతి ఊరూ రాములవారు నడిచిన ఊరే అవుతుంది! మీరు తీసిన చెరువు ఫోటో మాత్రం పెట్టొచ్చు. మిగతాది ఇంట్లో నోటుబుక్కులో రాసుకోండి, లేదా ఈ మైకు ముందుకొచ్చి చెప్పండి.

నేను పెట్టుకున్న లెక్క చిన్నదే. హోటల్లో మూడు రాత్రుల్లో ఒక రాత్రి, ఒక గంట, ఆ రికార్డింగు విని రాసుకోవడం. ఇప్పటికి పదకొండు పేజీలైంది. ఆ రెండు పేర్లూ మా పెద్దత్తయ్యకి తెలిసుండొచ్చు. ఈ ఆదివారం ఫోను ఆవిడకి.