కిరణముల దెబ్బకు జీవకణపు సమాధానము



బిడ్డకు ఎక్స్‌రే తీయవలెనని వైద్యుడు చెప్పినపుడు మనలో కొందరము భయపడుదుము; కొందరము ఏమియు అడుగకయే తలయూపుదుము. ఈ రెంటి నడుమ వివేకమార్గ మొకటి కలదు. దానిని జీవకణమే మనకు చూపుచున్నది.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. అవి ఈగల జన్యువులను మార్చగలవని 1927లో ముల్లర్ నిరూపించెను. కాని దెబ్బతినిన కణము పిమ్మట ఏమి చేయును? ఈ ప్రశ్నకు జన్యువుల పనితీరును చదువ నేర్చిన తరువాతనే స్పష్టమైన సమాధానము లభించినది.

మన దేహమందలి దాదాపు ప్రతి కణమునను, మాంసకృత్తులను నిర్మించు జన్యువులు సుమారు 20,000 కలవు. అవి యన్నియు ఒక్కమారు పనిచేయవు. వంటింట పాత్రలెన్ని యున్నను ఆ పూటకు వలసినవే పొయ్యి నెక్కును గదా! పనిలో నున్న జన్యువునుండి ఆర్.ఎన్.ఏ. అను నకలు వెలువడును. ఆ నకళ్ళను లెక్కించి, ఏ జన్యువు మేల్కొన్నదో శాస్త్రజ్ఞులు తెలిసికొనుచున్నారు.

కిరణము తగిలి డి.ఎన్.ఏ. పోగులు తెగినపుడు, ఏ.టి.ఎం. అను మాంసకృత్తు పి53 అనుదానిని హెచ్చరించును. పి53 మరికొన్ని జన్యువులను పనికి పిలుచును. వానిలో పి21 కణవిభజనను నిలుపును. అంతలో మరమ్మతు సాగును. మరమ్మతు అసాధ్యమైనచో కణము తన్ను తానే అంతమొందించుకొనును. ఈ కావలి తప్పినచోట కాన్సరుకు దారి యేర్పడును.

అందరి కావలియు ఒకే తీరున నుండదు. ఏ.టి.ఎం. జన్యులోపముతో పుట్టి వ్యాధిగ్రస్తులైన బిడ్డలకు, ఇతరులు ఓర్చుకొను కిరణ చికిత్సయే తీవ్రహాని చేయగలదు. కాన్సరు చికిత్సలో కిరణములను పెక్కు దినములకు పంచి యిచ్చుటకు ముఖ్యకారణము, ఆరోగ్యకణములకు మరమ్మతు వ్యవధి దొరకుటయే.

ప్రకృతినుండియే లోకమున సగటున మనుష్యునకు ఏటా సుమారు 2.4 మిల్లీసీవర్టుల కిరణమోతాదు చేరుచున్నది. రొమ్ము ఎక్స్‌రే ఒకదానిచే చేరునది సాధారణముగ 0.1కి మించదు. సి.టి. స్కానున అది పెక్కు రెట్లు. ఎదుగు బిడ్డల కణములు వేగముగ విభజన చెందును గనుక వారి విషయమున జాగ్రత్త హెచ్చుగ నుండవలెను.

కావున వలసిన పరీక్షను భయముచే మానరాదు; అక్కరలేనిదానిని పట్టుపట్టి కోరరాదు. “ఈ పరీక్ష ఎందులకు? కిరణములు లేని అల్ట్రాసౌండు చాలదా?” యని వైద్యుని వినయముగ నడుగుదము. పూర్వపు చిత్రములను భద్రపరచి చూపుదము. కణము తన కావలి తాను కాచుకొనుచున్నది. దానికి అనవసరపు భారము కలిగింపకుండుట మన ధర్మము.