పాంటూన్ బోటుకి మోటార్ ఎంత ఎత్తులో బిగించాలి?

తిరువూరు నుంచి మాట్లాడుతున్నాను. "మీ ఊళ్లో పడవ ఎక్కడుందయ్యా, పడవ మోటార్ గురించి చెప్తానంటున్నావ్?" అని మా వాళ్లే నవ్వారు. నిజమే. మాకున్నది కట్టలేరు, సాగర్ ఎడమ కాలువ, బోర్లు, మామిడి తోటలు. నేను ఆయిల్ ఇంజన్ల మెకానిక్‌ని. కాకపోతే కృష్ణ ఒడ్డు వాళ్లు అప్పుడప్పుడు పిలుస్తుంటారు, వెళ్తుంటాను. ఒకసారి వెళ్లి చేసిన తప్పు గురించే ఈ ఎపిసోడ్.

అవుట్‌బోర్డ్ మోటార్ మీరు చూసే ఉంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్ల రబ్బరు పడవల వెనక తగిలించి ఉన్నాయే, అవి. పాంటూన్ అంటే రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాల మీద బల్లపరుపు డెక్ వేసిన బోటు. గొట్టాల మధ్య వెనకాల ఒక పెట్టె ఉంటుంది, దాన్ని పాడ్ అంటారు. మోటార్ తగిలించేది దానికే.

కొన్నేళ్ల క్రితం ఒకాయన పాంటూన్‌కి మోటార్ బిగించాను. బోటు ఒడ్డున దిమ్మల మీద ఉంది. ప్రొపెల్లర్‌కి పైన అడ్డంగా ఒక చదును రేకు ఉంటుంది చూడండి, అందరూ కావిటేషన్ ప్లేట్ అంటారు గానీ దాని అసలు పేరు యాంటీ వెంటిలేషన్ ప్లేట్. మామూలు ఫైబర్ పడవకి చేసినట్టే ఆ ప్లేటుని పాడ్ అడుగుకి సమంగా పెట్టి నట్లు బిగించేశాను. నీళ్లలో దింపి ఇద్దరం తిరిగొచ్చాం. బ్రహ్మాండం! డబ్బులు కూడా తీసుకున్నాను.

మర్నాడు వాళ్ల చుట్టాలు పదిమంది ఎక్కారు. నేనూ ఉన్నాను. నది మధ్యలోకి వెళ్లేసరికి అందరూ ఫోటో కోసం ముందు రెయిలింగ్ దగ్గరకి వెళ్లారు. ముక్కు దిగింది, వెనక భాగం లేచింది. ఇంజన్ ఒక్కసారిగా గోల పెట్టింది, బోటు మాత్రం కదల్లేదు. స్టీరింగ్ తిప్పితే పలకదు. అవుట్‌బోర్డ్‌కి వేరే చుక్కాని ఉండదండి, ప్రొపెల్లర్ నీళ్లని తోస్తేనే బోటు తిరుగుతుంది. ప్రవాహం మమ్మల్ని రాళ్ల కట్ట వైపు లాగుతోంది. రేజ్ పూర్తిగా తగ్గించి, జనాన్ని మెల్లగా వెనక్కి కూర్చోబెట్టాక మళ్లీ నీళ్లు పట్టింది. ఆ పదిమందిలో ముగ్గురు పిల్లలు.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అక్కడ సంగతి వేరు, అనుమతి లేని బోటు, పట్టనంత జనం. కానీ ఆ రోజు నా బుర్రలో తిరిగింది అదే.

ఏం జరిగిందంటే, రైతులకి ఒక్క ముక్కలో చెప్తాను. బావిలో నీళ్లు తగ్గి ఫుట్ వాల్వు బయటపడితే ఇంజన్ ఉత్తినే తిరుగుతుంది కదా, గాలి పీల్చి. ప్రొపెల్లర్ కూడా అంతే. ఫైబర్ పడవకి అడుగు మొత్తం ఒకటే కాబట్టి ప్రొపెల్లర్‌కి గట్టి నీళ్లు అందుతాయి. పాంటూన్‌కి రెండు గొట్టాల మధ్య నుంచి నురగ, గాలి కలిసిన నీళ్లు వస్తాయి. అందుకే మోటార్ ఇంకాస్త కిందకి ఉండాలి.

నేనిప్పుడు ఎలా చేస్తానంటే, ముందు షాఫ్ట్ చూస్తాను. 15, 20, 25 అంగుళాల్లో వస్తాయి. పాంటూన్‌కి 15 జోలికి వెళ్లకండి. ప్లేటుని పాడ్ అడుగుకంటే ఒక అంగుళం కిందకి పెట్టి మొదలుపెడతాను. ఇది మొదలే, ఖాయం కాదు. తర్వాత రోజూ ఎక్కేంత బరువు వేసి, నిలకడ నీళ్లలో నడిపిస్తాను. నడిపేవాడి ఒంటికి కిల్ స్విచ్ తాడు తగిలించి ఉండాలి, ఇంకొకరు లైఫ్ జాకెట్ వేసుకుని వెనక నుంచి ప్లేటుని చూడాలి. స్పీడులో ప్లేటు నీటి మట్టానికి సమంగానో, కాస్త కిందో ఉంటే సరిపోయింది. తర్వాత మలుపు తిప్పి చూడాలి, మనుషుల్ని కొంచెం ముందుకి జరిపి చూడాలి. ఇంజన్ అరిచిందా, మోటార్ ఒక రంధ్రం కిందకి దించాలి. చాలా మోటార్లకి రంధ్రాల మధ్య దూరం ముప్పావు అంగుళం. ఒక్కసారికి ఒక్క రంధ్రమే.

మరీ కిందకి పోయినా బాధే. మోటార్ కాలు నీళ్లకి అడ్డుపడి స్పీడు తగ్గుతుంది, వెనక నీళ్లు ఎగజిమ్ముతాయి, ఎండాకాలం లోతు లేని చోట ప్రొపెల్లర్ రాళ్లకి కొట్టుకుంటుంది. అయినా జనాన్ని మెల్లగా తిప్పే బోటైతే నేను కిందవైపుకే మొగ్గుతాను. కాస్త డీజిలో పెట్రోలో ఎక్కువ తాగితే తాగనివ్వండి.

ఇంకోటి. మోటార్ పక్క నుంచి సన్నటి ధారగా నీళ్లు పడుతుంటాయి, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు సరిగ్గా తిరుగుతున్నాయని గుర్తు. మోటార్ పైకి ఉంటే ఆ పంపు కూడా గాలి పీలుస్తుంది, ధార ఆగుతుంది. ధార ఆగితే వెంటనే ఇంజన్ ఆపేయండి.

ఆ పాంటూన్‌కి రెండు రంధ్రాలు కిందకి దించాను. పాత రంధ్రాలు మెరైన్ సీలెంట్‌తో మూసి, ఆ పని డబ్బులు తీసుకోలేదు. వచ్చే ఎపిసోడ్‌లో ప్రొపెల్లర్ పిచ్ గురించి మాట్లాడదాం. ఉంటానండి.