బేరసారాల ఇంగ్లీషు – చేతిలోని ఫోను

(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారానికి పనికొచ్చే ఇంగ్లీషును యంత్రాల సాయంతో నేర్చుకోవడం ఎలా అన్నది మాకు ఇచ్చిన విషయం. అది పట్నం వాళ్ల సంగతి, అనుమసముద్రంపేటలో మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఎందుకో మనవి చేస్తాము.

మనకు దగ్గరి ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేసే కుటుంబాలున్నాయి. వారిలో మనవాళ్లే ఎక్కువ. అందులోనూ ఆడవాళ్ల చేతిపని చాలా ఉంది. నర్ది, బిక్కి వంటి కొయ్యను చెక్కి, పిడికి పూలపని పెడతారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పేరు దూరం పోయింది, బాగానే ఉంది. కాని ఆ దూరం నుంచి ఒక ఉత్తరం వస్తే చదివి జవాబు రాసేవారు ఎన్ని ఇళ్లలో ఉన్నారు? లేనిచోట మధ్యవర్తి కావాలి. చెక్కింది ఒకరు, ఉత్తరం రాసింది ఇంకొకరు. లాభం ఎటు పోతుందో వేరే చెప్పాలా? గల్ఫుకు పోయే అబ్బాయి సంగతీ అంతే. ఒప్పంద పత్రంలో ఏముందో తెలియకుండానే సంతకం పెట్టి విమానం ఎక్కుతాడు.

మన పిల్లలకు ఇంగ్లీషు రాదా అంటే, వస్తుంది. పదో తరగతి పిల్ల ఆవు మీద వ్యాసం రాస్తుంది, యాక్టివ్ వాయిసును పాసివ్ వాయిసుగా మారుస్తుంది. ‘పన్నెండు డజన్లు ఎప్పటికి పంపగలరు?’ అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం నోరు పెగలదు. బేరసారాలకు కావలసింది కొద్ది ఇంగ్లీషే గాని, అది తప్పు లేకుండా ఉండాలి. ఫోనులో ఫిఫ్టీన్ అన్నది ఫిఫ్టీ అని వినబడితే పదిహేను కాస్తా యాభై అవుతుంది. కాగితం మీద 4/5 అని రాస్తే మనకది మే 4, అమెరికా వారికి ఏప్రిల్ 5. ‘డూ ది నీడ్‌ఫుల్’ అని రాస్తే మన ఆఫీసుల్లో చెల్లుతుంది, బయటి దేశంలో ఏం చేయమంటున్నామో చాలామందికి అర్థం కాదు.

యంత్రంతో భాష నేర్వడం కొత్త సంగతి కాదు. గ్రామఫోను రికార్డులు, రేడియో పాఠాలు, టేపురికార్డర్లు వరుసగా వచ్చాయి. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధనకై పెట్టిన కేంద్ర సంస్థ 1972లో సీఫెల్‌గా, 2007లో ఇఫ్లూ అనే విశ్వవిద్యాలయంగా ఎదిగింది. ఇంజనీరింగు కాలేజీల్లో ఇంగ్లీషు ల్యాబులు వచ్చాయి. ఆ గది దాకా పోగలిగే మన పిల్లలెందరు? బంగ్లాదేశ్‌లో 2009లో బి.బి.సి. వారు ‘జనాలా’ అనే పథకం పెట్టి, మామూలు ఫోనులోనే మూడేసి నిమిషాల పాఠాలు వినిపించారు. పాఠానికి ప్రత్యేకం ఒక గది అక్కరలేదని అక్కడ తేలింది. ఈనాడు మన ఇళ్లలో అంతకంటే మంచి ఫోన్లే ఉన్నాయి గదా!

వాడే పద్ధతి చెబుతాము. ముందు వినాలి. ఒకే వాక్యం ఇరవైసార్లు వినిపించినా ఫోనుకు విసుగు రాదు. తరువాత మన గొంతు రికార్డు చేసుకుని పోల్చుకోవాలి. మా ఇంటి పిల్ల అలా చేసింది. స్పూన్ అంటున్నాననుకుంది, విని చూస్తే ‘ఇస్పూన్’! ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఇస్కూల్, ఇస్టేషన్ అనడం మామూలే. తనే నవ్వుకుంది, తనే దిద్దుకుంది. నలుగురిలో సిగ్గుపడే పని తప్పింది. ఆ పైన, ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ‘నువ్వు కొనేవాడివి, నేను అమ్మేదాన్ని’ అని చెప్పి దానితో బేరమాడి చూడవచ్చు.

ఒక హెచ్చరిక. యంత్రం రాసిచ్చే ఉత్తరం ముచ్చటగా ఉంటుంది, కాని మనం అనని మాట కూడా చేరుస్తుంది. ‘వారంలో సరుకు పంపుతాము’ అని అది రాసేస్తే, మాట తప్పేది మనం. కొయ్య ఆరడానికి ఎన్నాళ్లు పడుతుందో దానికేం తెలుసు? యంత్రం నేర్పుతుంది గాని పూచీ పడదు. పంపేముందు ఒక మనిషి చదివి తీరాలి.

ఇంకొక మాట, ఎవరూ నొచ్చుకోవద్దు. కొడుక్కి ఫోను కొనిస్తాము, కూతురి చేతిలో కనబడితే లాక్కుంటాము. మేమూ ఆ పని చేసినవాళ్లమే. చెక్కేది ఆమె అయినప్పుడు ధర చెప్పవలసిందీ ఆమే కదా!

కాబట్టి సంఘం వారికి మా మనవి ఇది. వారానికి మూడు సాయంత్రాలు ఒక గంట, ఆడపిల్లలకు వేరుగా మరో గంట కేటాయించండి. రెండు ఫోన్లు, ఒక స్పీకరు చాలు. డిగ్రీ చదివిన మన అమ్మాయో అబ్బాయో దగ్గర కూర్చుని దిద్దాలి. వచ్చే ఏడాది ఈ వేదిక మీద మేము మాట్లాడనక్కరలేదు. తన సరుకుకు తనే ధర రాసి పంపిన ఒక పిల్ల చేత ఆ ఉత్తరం చదివించండి. అది చాలు మాకు.

సెలవు. ఖుదా హాఫిజ్.