బీరువా తాళం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. మామూలుగా ఈ వేదిక మీద కరువు భత్యం బకాయిలూ, వైద్య బిల్లులూ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "మీరేదో స్కూల్లో లైబ్రరీ పెట్టారటగా, పది నిమిషాలు చెప్పండి" అన్నారు. నేను ముప్ఫయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నోటు రాసి పైకి పంపడం వచ్చు గాని ఉపన్యాసం రాదు. అందుచేత నోటు పద్ధతిలోనే, పూర్వపు సంగతులతో మొదలుపెడతాను.

1984లో మా కార్యాలయం నుంచి పాఠశాలల రికార్డుల తనిఖీకి సూపరింటెండెంటు గారి వెంట వెళ్ళాను. ఒక ఉన్నత పాఠశాలలో గ్రంథాలయం రిజిస్టరు నాకు అప్పగించారు. రిజిస్టరు ప్రకారం 612 పుస్తకాలు. బీరువాలో ఉన్నవి 598. పద్నాలుగు తక్కువ. విలువ నూట అరవై రెండు రూపాయల యాభై పైసలు. "సదరు మొత్తమును బాధ్యుల నుండి రాబట్టవలెను" అని పేరా రాశాను. బాధ్యులంటే గ్రంథాలయం చార్జి చూస్తున్న తెలుగు మాస్టారు. రెండు వాయిదాల్లో ఆయన జీతం నుంచి కోశారు. పేరా డ్రాప్ అయింది. సూపరింటెండెంటు గారు నా పని మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను.

1997లో ఆ మాస్టారు బస్టాండులో కనిపించారు. నన్ను ఆయనే గుర్తుపట్టారు. నేను ఏదో సర్దిచెప్పబోతే ఆయన నవ్వి, "డబ్బుదేముంది లెండి. ఆ పద్నాలుగు పుస్తకాలూ పిల్లలు తీసుకున్నారు. ఎవరెవరో కూడా నాకు తెలుసు. ఆ తరవాత మాత్రం ఆ బీరువా తెరవలేదండీ. నా తరవాత చార్జి తీసుకున్నవాళ్ళూ తెరవలేదు. తాళం చెవి ఒక్కటే చేతులు మారుతోంది" అన్నారు. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు. ఆయనను మళ్ళీ చూడలేదు. ఆయన ఇప్పుడు లేరు.

మిత్రులారా, నేను రాసిన పేరాలో తప్పు లేదు. రూలు ప్రకారమే రాశాను. అయినా ఆ మాట పదకొండేళ్ళు సర్వీసులోనూ, ఆ తరవాత పెన్షనులోనూ నన్ను వదలలేదు. 2022లో బడులు తెరవగానే ఆ పాఠశాలకు వెళ్ళి ప్రధానోపాధ్యాయురాలి గారికి జరిగిందంతా చెప్పాను. "ఆ బీరువా తెరిపించండమ్మా, పని నేను చేస్తాను" అన్నాను.

తాళం చెవి తిరగలేదు. వెల్డింగు కుర్రాణ్ణి పిలిపించి పగలగొట్టించాం. లోపల లెక్కపెడితే సరిగ్గా 598. ముప్ఫయ్యెనిమిదేళ్ళలో ఒక్క పుస్తకం పోలేదు. ఆడిట్ దృష్టిలో ఇంతకు మించిన గ్రంథాలయం ఉండదు. కాకపోతే అందులో 226 చెదలు తినేశాయి. పట్టుకుంటే పొడి అయి రాలాయి. మధ్య సంవత్సరాల్లో గ్రాంట్లతో వచ్చిన పుస్తకాలు మరో నాలుగు వందల పై చిలుకు అట్టపెట్టెల్లో, కట్టిన తాడు విప్పకుండా ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా నడిచే ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలనీ, అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలనీ దాని షెడ్యూలులోనే ఉంది. సమగ్ర శిక్ష కింద 2018 నుంచి బడి స్థాయిని బట్టి ఏటా అయిదు వేల నుంచి ఇరవై వేల దాకా గ్రాంటు కూడా పెట్టారు. అంటే చట్టమూ ఉంది, పద్దూ ఉంది. లేనిదల్లా తాళం తీసే ధైర్యం.

ఇక అమరిక సంగతి. డ్యూయీ దశాంశ పద్ధతి 1876 నుంచి వాడుకలో ఉన్నది. మన రికార్డు గదిలో ఫైళ్ళ కట్టలకు నంబర్లు వేసినట్టే పుస్తకాలకు వేస్తారు. నాకు అలవాటైన పని కనుక ఉత్సాహంగా మొదలుపెట్టాను. సైన్సుకు 500, చరిత్ర, భూగోళాలకు 900. కథల దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. తెలుగు నవలకూ కథకూ ఒకటే నంబరు, 894.8273. మొక్కపాటి వారి బారిస్టరు పార్వతీశమూ అదే, అడవి బాపిరాజు గారి గోన గన్నారెడ్డీ అదే, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలా అదే. ఆరు వందల పుస్తకాలకు అదే నంబరు అంటించుకుంటూ వారం రోజులు కూర్చున్నాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "తాతగారూ, నవ్వొచ్చే పుస్తకం ఏ నంబర్లో ఉంటుందండీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రంగనాథన్ గారు 1931లో అయిదు గ్రంథాలయ సూత్రాలు చెప్పారు. పుస్తకాలు ఉన్నది వాడకానికి అన్నది మొదటిది, చదువరి కాలం వృథా చేయకూడదన్నది నాలుగోది. లక్ష పుస్తకాలున్న చోట డ్యూయీ నంబరు లేనిదే పని జరగదు, కాదనను. కాని వెయ్యి పుస్తకాలున్న బడిలో పిల్లవాడు రచయిత పేరుతో రాడు, నంబరుతో అసలే రాడు. "అలాంటిది ఇంకోటి ఉందా?" అని వస్తాడు. కనుక విజ్ఞాన పుస్తకాలు డ్యూయీ వారి పది వర్గాల్లోనే ఉంచి, కథల పుస్తకాలను మాత్రం కథ రకాన్ని బట్టి విడగొట్టాం.

మొదట రకాల పేర్లు నేనే రాశాను. "సాంఘికములు, చారిత్రకములు, జానపదములు, అపరాధ పరిశోధన". ఆ బోర్డులు పిల్లలు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు గాని ఒక్కరూ అటు నడవలేదు. మీరే పెట్టండర్రా పేర్లు అని సుద్దముక్క వాళ్ళ చేతికిచ్చాను. వాళ్ళు పెట్టినవి ఇవి: నవ్వొచ్చేవి, మాయలూ మంత్రాలూ, రాజులవి, దొంగను పట్టుకునేవి, సాహసాలు, జంతువులవి, మనలాంటి పిల్లలవి, ఏడుపొచ్చేవి. ఎనిమిది పేర్లకు ఎనిమిది రంగులు. పుస్తకం వెన్ను మీద రంగు కాగితం ముక్క, పైన పారదర్శక టేపు. ఖర్చు మూడు వందల లోపు.

తరవాత తగాదాలు మొదలయ్యాయి. నందూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన టామ్ సాయర్ సాహసమా, మనలాంటి పిల్లలదా, నవ్వొచ్చేదా? కాంచనద్వీపం అయితే తగాదా లేదు, సాహసాలే. గోన గన్నారెడ్డిని నేను రాజుల వరసలో పెడితే తొమ్మిదో తరగతి కుర్రాడు వచ్చి "వీడు గజదొంగ కదండీ" అని దొంగల వరసలోకి మార్చాడు. చివరకు ఒక రూలు చేశాం. పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఎవరు ముందు చదివితే వారి మాటే చెల్లుతుంది. రెండో వరసలో "టామ్ సాయర్ అక్కడ ఉంది" అని అట్టముక్క పెడతాం. ఈ రూలు పుణ్యమా అని మార్పించాలనే పట్టుదలతో చదివినవాళ్ళు కొందరున్నారు.

"ఏడుపొచ్చేవి" అన్న పేరు నాకు నచ్చలేదు. బడిలో అదేం వరస, తీసేద్దాం అన్నాను. ఆ పేరు పెట్టిన అమ్మాయి నెమ్మదిగా అంది, "ఇంట్లో ఊరికే ఏడిస్తే ఎందుకని అడుగుతారండీ. చేతిలో పుస్తకం ఉంటే అడగరు." ఆ వరస ఉంచేశాం.

ఈ అమరిక కావాలన్నవారు మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకటి, ఎక్సెషన్ రిజిస్టరు జోలికి పోకూడదు. పుస్తకానికి రిజిస్టరు నంబరు పుట్టుమచ్చ లాంటిది, అది మారదు. రంగు చొక్కా లాంటిది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. రెండు, రచయిత పేరుతో వెతికేవారి కోసం అకారాది క్రమంలో ఒక నోటుబుక్కు ఉండాలి. మూడు, అరలు పిల్లల భుజం ఎత్తు దాటకూడదు. వరసకు నాలుగైదు పుస్తకాలైనా అట్ట ఎదురుగా కనిపించేలా నిలబెట్టాలి. మా అరలు ఆ వెల్డింగు కుర్రాడే చేశాడు. తలుపులు పెట్టవద్దని చెప్పాను. "తలుపుల్లేని బీరువా ఏంటి సార్?" అన్నాడు.

పుస్తకాలు అడిగితే మన మిత్రులు ధారాళంగా ఇచ్చారు. వాటిలో పాత పంచాంగాలు పదకొండు, ఆదాయపు పన్ను గైడ్లు ఆరు, సర్వీసు రూల్సు రెండు. కోపం వద్దు, నేనిచ్చిన వాటిలో కూడా ఒక పంచాంగం ఉంది. దయచేసి మీకు పనికిరానిది కాక, పన్నెండేళ్ళ వయసులో మీరు దొంగచాటుగా చదివింది ఇవ్వండి. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళ పాత బైండు ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇచ్చారు. అది ఇప్పటికి మూడుసార్లు కుట్టించాం.

ఇక అసలు చిక్కు. అన్నీ అమిరాక చార్జి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. సైన్సు టీచరమ్మ, మా మనవరాలి వయసు, నన్ను సూటిగా అడిగింది. "పుస్తకం పోతే ఎవరు కట్టాలండీ?" ముప్ఫయ్యెనిమిదేళ్ళ కిందట తెలుగు మాస్టారు అడగని ప్రశ్న అది. ఇంటికి వెళ్ళి రూల్సు తిరగేశాను. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో, 215వ నిబంధనలో ఉంది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేక వారు చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమేనని భావించవచ్చు, అందులో మోసం గాని నిర్లక్ష్యం గాని ఉండకూడదు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ జరగాలి. అది కేంద్రం రూలు, మన బడికి నేరుగా వర్తించదు. కాని న్యాయం ఏమిటో చెబుతుంది. దాన్ని ఆధారం చేసుకుని పాఠశాల యాజమాన్య కమిటీ చేత తీర్మానం చేయించాం. అది చాలదని, మొదటి ఏడాది ఆ పరిమితి దాటి పోయిన ప్రతి పుస్తకానికీ వెల నా పెన్షను నుంచి కడతానని కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చాను. టీచరమ్మ చార్జి తీసుకుంది.

ఏడాది తిరిగాక తనిఖీకి నేనే కూర్చున్నాను. ఇచ్చిన పుస్తకాలు 2,460. వెయ్యికి అయిదు చొప్పున పన్నెండు దాకా పోవచ్చు. పోయినవి తొమ్మిది. అందులో నాలుగు నవ్వొచ్చేవి, రెండు ఏడుపొచ్చేవి. టీచరమ్మ పక్కన నిలబడి నా పెన్ను వంకే చూస్తోంది. "నష్టం సహజ పరిమితికి లోబడి ఉన్నది. ఎవరి నుండియు రాబట్టనక్కరలేదు" అని రాశాను. ఈ వాక్యం 1984లో రాయవలసింది. రాయలేదు. అప్పుడు నాకు తెలిసిన రూలు ఒకటే. వెతికి ఉంటే ఇంకేదైనా దొరికేదేమో, వెతకాలన్న బుద్ధి పుట్టలేదు.

1935లో పాతూరి నాగభూషణం గారు మన కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని పల్లెలకు తిరిగారు. అంత పని మనవల్ల కాదు. మనలో స్టాకు రిజిస్టర్లు రాసినవారున్నారు, తనిఖీలు చేసినవారున్నారు, నాలాగా పేరాలు రాసినవారూ ఉన్నారు. మీ ఊరి బడికి వెళ్ళి ఆ బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. వారానికి రెండు గంటలు చాలు. చార్జి తీసుకునే టీచరుకు భయం లేకుండా కాగితం ఎలా రాయాలో మనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

పది నిమిషాలు దాటింది. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు.  సెలవు.