వాకరు ఇచ్చే ముందు పావుగంట



నేను డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టునీ కాను. 28 ఏళ్ళుగా పిల్లల పేపర్లు దిద్దుకుంటున్న మాస్టార్ని. మనిషి నిలకడను ఎలా పరీక్షిస్తారో చెప్పమని కమిటీవారు నన్ను అడగడానికి కారణం మా అమ్మీ.

అమ్మీకి అప్పుడు 74 ఏళ్ళు. చాలాకాలంగా షుగరు ఉంది. నాలుగు నెలల్లో రెండుసార్లు ఇంట్లోనే పడింది. వయసైపోయింది, కాళ్ళలో బలం లేదు అనుకుని వాకరు కొని తెచ్చాం. మూడోసారి ఆ వాకరుతో సహా పడింది. మణికట్టు విరిగింది.

కట్టు విప్పాక ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాను. వెంటనే వ్యాయామాలు మొదలుపెడతారనుకున్నాను. అక్కడి అమ్మాయి అమ్మీని చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టింది. 3 మీటర్ల దూరంలో నేలమీద గీత ఉంది. "లేచి, మీ మామూలు నడకతో అక్కడిదాకా వెళ్ళి, తిరిగొచ్చి కూర్చోండమ్మా" అని స్టాప్‌వాచ్ నొక్కింది. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే, ఆ మనిషి పడిపోయే ముప్పు ఉందని అనుమానించాలట. అమ్మీకి 19 పట్టింది. నేను గడియారమే చూస్తున్నాను. ఆ అమ్మాయి మాత్రం అమ్మీ ఒక్క ఊపులో లేచిందా, మలుపు తిరగడానికి ఎన్ని చిన్న అడుగులు వేసింది, చివర్లో నెమ్మదిగా కూర్చుందా, దబ్బున కూలబడిందా అని చూస్తోంది.

తర్వాత పాదాలు దగ్గరికి చేర్చి నిలబడమంది. అమ్మీ బాగానే నిలబడింది. "ఇప్పుడు కళ్ళు మూసుకోండి" అంది. రెండు సెకన్లు కాకముందే మనిషి పక్కకు ఒరిగిపోయింది. ఆ అమ్మాయి చేతులు ముందే చాచి ఉంచింది కాబట్టి సరిపోయింది. దయచేసి ఇది విని ఈ రాత్రికే మీ ఇంట్లో పెద్దవాళ్ళ మీద ప్రయోగం చేయకండి.

19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రాంబర్గ్ పేరు మీద ఉన్న పరీక్ష అది. మనం నిటారుగా నిలబడాలంటే మెదడుకు మూడు చోట్ల నుంచి కబురందాలి: కళ్ళ నుంచి, లోపలి చెవి నుంచి, పాదాలూ కీళ్ళ నుంచి. షుగరు వల్ల అమ్మీ పాదాలకు స్పర్శ తగ్గిపోయింది. ఆ లోటును ఇన్నాళ్ళూ కళ్ళు పూడుస్తున్నాయి. చీకట్లో ఆ ఆసరా కూడా ఉండదు. అప్పుడు తట్టింది నాకు. మూడుసార్లూ అమ్మీ పడింది ఫజర్‌కు వజూ చేసుకోవడానికి లేచినప్పుడే. లైటు వేస్తే కోడలి నిద్ర చెడుతుందని చీకట్లోనే తడుముకుంటూ వెళ్ళేది.

బీఈడీలో మాకు రెండు రకాల పరీక్షలు చెప్పారు. సాధన నికష, లోప నిర్ధారణ నికష. మొదటిది ఎన్ని మార్కులొచ్చాయో చెబుతుంది. రెండోది పిల్లవాడు ఎక్కడ తప్పుతున్నాడో చెబుతుంది. నేను ఇన్నేళ్ళు పాఠం చెప్పిన తేడా మా ఇంట్లోనే నాకు గుర్తురాలేదు.

నిలకడను కొలిచే పరీక్షల్లో కెనడాలో కేథరిన్ బెర్గ్ రూపొందించినది బాగా వాడుకలో ఉంది. అందులో 14 పనులు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 56. ఆసరా లేకుండా నిలబడటం, నేలమీది వస్తువు తీయడం, వెనక్కి తిరిగి చూడటం, ఒంటికాలి మీద నిలబడటం, ఇలాంటివి. ఇద్దరికి చెరి 40 వచ్చాయనుకోండి. ఒకరు కుర్చీలోంచి లేవడం దగ్గర, వంగడం దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. ఇంకొకరు గుండ్రంగా తిరగడంలో, ఒక పాదం ముందు మరో పాదం పెట్టి నిలబడటంలో పోగొట్టుకుంటారు. ఇద్దరికీ ఒకే వ్యాయామం చెబితే, లెక్కల్లో తప్పిన పిల్లవాణ్ణీ హిందీలో తప్పిన పిల్లవాణ్ణీ ఒకే ట్యూషన్‌కు పంపినట్టే. కొందరికైతే లోపం కాళ్ళలోనే ఉండదు. పడుకున్నప్పుడు బీపీ చూసి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూస్తే పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతుంది. వాళ్ళు ముందు చూపించుకోవలసింది డాక్టరుకు, వాడుతున్న మాత్రల చీటీతో సహా.

ఇక మన సంగతి. మనం వాకర్లు, చేతికర్రలు పంచుతున్నాం. మంచి పని. పోయినసారి పంపిణీలో నేనూ వాకరు పట్టుకుని ఫోటో దిగాను. తీసుకున్నవారి ఎత్తుకు దాన్ని సరిచేశామా? చేతులు కిందికి వదిలి నిలబడితే వాకరు పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. మా అమ్మీది అంతకన్నా బెత్తెడు ఎత్తుగా ఉండేదని ఆ ఫిజియో అమ్మాయి చెప్పాకే తెలిసింది. అమ్మినవాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు.

దాతలను నేను కోరేది ఒక్కటే. మీరిచ్చే డబ్బులో కొంత ఈ పరీక్షకు కేటాయించనివ్వండి. పంపిణీకి ముందు ఒక రోజు ఫిజియోథెరపిస్టును పిలిపిద్దాం. చేతులున్న కుర్చీ, చిన్న పీట, టేపు, గడియారం, బీపీ మిషను చాలు. మనిషికి పావుగంట, మహా అయితే 20 నిమిషాలు. ఇందులో ఫోటోకు పనికొచ్చేదేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ 50 వాకర్ల బదులు 40 ఇచ్చినా, అవి ఎవరికి కావాలో వాళ్ళకే చేరతాయి. మిగతావారిలో ఒకరికి కళ్ళజోడు మార్చాలేమో, ఒకరికి మడమ పట్టీ ఉన్న చెప్పులు కావాలేమో.

అమ్మీ గదిలో ఇప్పుడు రాత్రంతా చిన్న బల్బు వెలుగుతుంది. వజూ చేసే చోట స్టూలు, గోడకు పట్టుకోవడానికి కమ్మీ పెట్టించాం. రోజూ వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి దించుతుంది, పక్క అడుగులు వేస్తుంది. ఆరు నెలలకు 19 సెకన్లు 14 అయ్యాయి. 12 ఇంకా కాలేదు. కళ్ళు మూసుకుని నిలబడమంటే మాత్రం ఇప్పటికీ చెయ్యి నా భుజం కోసం వెతుక్కుంటుంది.