పికప్ బండికి బయటి సైలెన్సరు బిగించవచ్చునా?

(అమ్రోలిలో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాలను గురించీ, పెన్షనును గురించీ మాట్లాడే వేదికపైన బండి పొగగొట్టం ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. కాని ఈ ప్రశ్న మన ఇళ్లలోనే పుట్టినది. మనలో పదవీ విరమణ చేసినవారు పలువురు, చేతికి వచ్చిన గ్రాట్యుటీలో కొంత భాగంతో కుమారునికి ఒక పికప్ బండి కొని ఇచ్చారు. ఇక్కడివారు దానిని టెంపో అంటారు. అమ్రోలి మగ్గాల షెడ్లలో నేసిన గ్రే గుడ్డను తాకాలుగా కట్టి, తాపీ వంతెన దాటించి, రంగుల మిల్లులకో రింగు రోడ్డు మార్కెట్లకో చేర్చడం ఆ బండ్ల పని. అటువంటి ఇంటి యువకుడొకడు మొన్న నా వద్దకు వచ్చి, "కాకా, పాత సైలెన్సరు తుప్పుపట్టి పోయింది. మెకానిక్కు ఫ్రీఫ్లో వేయించమంటున్నాడు. బండి లాగుడు పెరుగుతుందట, డీజిలు తగ్గుతుందట. వేయించమంటావా?" అని అడిగాడు. అతనికి చెప్పిన సమాధానాన్నే ఇప్పుడు కొంచెం విస్తరించి మీ ముందుంచుతున్నాను.

ముందుగా ఒక భేదాన్ని గ్రహించాలి. కంపెనీ షోరూములో కాక బయట దొరికేదంతా ఒకే కోవకు చెందినది కాదు. కంపెనీ భాగానికి సరిసమానమైన కొలతలతో, లోపల అవే గదులతో, అదే స్థాయికి శబ్దాన్ని అణచేటట్లు తయారైన బదులు సైలెన్సరు ఒక రకం. లోపలి గదులను తీసివేసి, వాయువు అడ్డులేకుండా దూసుకుపోయేటట్లు చేసినది మరొక రకం. మెకానిక్కు నోట రెండింటికీ "బయటి మాలు" అనే పేరే వస్తుంది. చట్టం దృష్టిలోనూ ఇంజను దృష్టిలోనూ అవి వేరువేరు.

లాగుడు పెరుగుతుందనే మాటలో నిజమెంత? ఈ సంగతి రైల్వేవారికి చెప్పడం సులభం. నేను ఉద్యోగంలో చేరిన నాటికి ఆవిరి ఇంజన్లు ఇంకా పనిచేస్తుండేవి. బ్రాడ్‌గేజిపై 1995తో వాటి కాలం ముగిసింది. ఆవిరి ఇంజనులో వాడిన ఆవిరి బ్లాస్ట్ పైపు గుండా పొగగొట్టంలోకి ఎగజిమ్మేటప్పుడు, పొయ్యిలోని మంటను తనతోపాటు లాగేది. ఆ పైపు మూతిని ఇరుకుచేస్తే మంట బాగా మండేది, కాని సిలిండర్లపై వెనుక ఒత్తిడి పెరిగేది. వెడల్పుచేస్తే ఒత్తిడి తగ్గేది, పొయ్యి చల్లబడేది. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి ఇంజనీర్లు దశాబ్దాలు శ్రమించారు. ఫిన్లాండుకు చెందిన కులాలా ఆలోచనను ఫ్రెంచి ఇంజనీరు ఆంద్రే షాపెలాన్ అభివృద్ధి చేసిన పొగగొట్టమే, జంట రూపంలో, ఇంగ్లండులోని మల్లార్డ్ ఇంజనుకు అమరింది. 1938 జూలై 3న గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజన్ల రికార్డును నెలకొల్పినది ఆ ఇంజనే. కనుక పొగగొట్టానికీ శక్తికీ సంబంధం లేదని నేను అనను. లెక్కలు కట్టి, పరీక్షించి, ఇంజనంతటితో జతకుదిర్చి చేసినప్పుడు ఆ సంబంధం ఫలితమిచ్చింది. కోసిన గొట్టానికి మరో గొట్టం అతికి, చప్పుడు పెరిగినది గనుక శక్తి పెరిగినదనుకోవడం వేరు.

డీజిలు ఇంజనులో శక్తి ఎంతన్నది ప్రధానంగా లోపలికి చిమ్మే ఇంధనాన్ని బట్టి ఉంటుంది. నేటి బండ్లలో ఆ ఇంధనాన్ని కొలిచి పంపేది ఎలక్ట్రానిక్ పరికరం. గొట్టాన్ని మాత్రం మార్చి, ఇంధనపు కొలతను మార్చకుంటే పెరిగే శక్తి గమనించదగినంత ఉండదు. ఇంధనాన్ని కూడా పెంచితే నల్లపొగ, వేడి, అరుగుదల వచ్చిపడతాయి. అప్పుడిక డీజిలు ఆదా అనే మాట ఎక్కడిది? అదీకాక, కతార్గాం రద్దీలో నత్తనడకన సాగే బండికి అదనపు శక్తి దేనికి? మెకానిక్కును నేను దూషించను. అతడు తెలిసిన పని చేస్తాడు, అడిగినది అమర్చుతాడు. నష్టం వచ్చినప్పుడు మాత్రం బండి కాగితాలపై పేరున్నవాడే అనుభవించాలి.

2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారత్ స్టేజి-6 ప్రమాణాల బండి అయితే చిక్కు ఇంకా పెద్దది. డీజిలు బండి పొగమార్గంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. పేరుకున్న మసిని అది సుమారు 550 నుండి 600 డిగ్రీల వేడిలో తనంతట తాను కాల్చివేసుకుంటుంది. నాలుగు కిలోమీటర్ల తిరుగుళ్లే అయితే ఆ వేడి అందక వడపోత మూసుకుపోతుంది. అప్పుడు దానిని పీకివేసి ఖాళీ గొట్టం పెట్టమని సలహా ఇచ్చేవారుంటారు. దానికి సరైన మందు బండిని అప్పుడప్పుడు రహదారిపై ఆపకుండా కొంతదూరం నడపడం, లేదా సర్వీసు కేంద్రంలో శుభ్రపరిపించడం.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 సవరణతో చేరిన 182-ఎ సెక్షను అక్రమ మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునంటున్నది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన బండిని నడిపితే 190వ సెక్షను వేరుగా ఉన్నది. దాని క్రింద మొదటి నేరానికే మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కలుగుతుంది. బండి తోలి బ్రతికేవానికి మూడు నెలలు లైసెన్సు లేకపోవడమంటే మూడు నెలలు కూలి లేకపోవడమే, కిస్తీ మాత్రం ఆగదు. సరకు బండికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ తనిఖీ తప్పదు. విశాఖపట్నంలోనూ హైదరాబాదులోనూ పోలీసులు పట్టుకున్న మోటారు సైకిళ్ల సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యాలు మీరు చూసే ఉంటారు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు, బండికి నష్టం కలిగిన రోజున వివాదానికి కారణమవుతుంది.

అయితే జరిమానా భయం కన్నా నాకు ముఖ్యమనిపించిన సంగతి వేరే ఉన్నది. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే పది నుండి ఉదయం ఆరు వరకు. డెసిబెళ్ల లెక్క మామూలు లెక్క కాదు. పది పెరిగిందంటే ధ్వనిశక్తి పదింతలైనదని అర్థం. ఆ నిబంధన రాత్రి నిద్రించేవారిని దృష్టిలో పెట్టుకొని వ్రాసినది. కాని సూరత్ మగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టులు నడుస్తాయి. రాత్రంతా ఆ మోతలో నిలబడిన ఒడియా సోదరుడూ, మన తెలుగు నేతకార్మికుడూ తెల్లవారి వచ్చి, ఒకే గదిలో వంతులవారీగా నిద్రపోతారు. వారి రాత్రి మన పగలు. చట్టంలో వారి రాత్రికి 45 లేదు. మనకు ఈ బాధ తెలియనిది కాదు. రాత్రి బండి నడిపి వచ్చిన లోకో పైలట్టూ, రైల్వే మెయిల్ సర్వీసులో రాత్రి సెట్టులో ఉత్తరాలు విడదీసిన సార్టరూ పట్టపగలు కిటికీ మూసుకొని పడుకున్నవారే. రన్నింగ్ రూములలో నిశ్శబ్దం పాటించాలని మనం పట్టుబట్టినది విశ్రాంతి లేని చోదకుని వలన ప్రయాణీకులకు ప్రమాదమని కదా! మన కుమారుని బండి మరొకరి రన్నింగ్ రూము కిటికీ క్రింద గర్జిస్తూ పోతున్నదని అనుకోండి. "నాకు తోవ ఇస్తారు కాకా, హారను కొట్టనక్కరలేదు" అని ఆ యువకుడు నవ్వాడు. వయసులో ఉన్నవానికి ఆ మోతలో ఒక ముచ్చట ఉంటుంది, కాదనను. కాని రోజుకు పది గంటలు ఆ క్యాబిన్‌లో కూర్చునేది అతడే. లెవెల్ క్రాసింగు వద్ద రైలు కూత వినవలసినదీ అతడే.

నిప్పు భయం కూడా ఉన్నది. పాలిస్టరు సుమారు 255–260 డిగ్రీల వద్ద కరుగుతుంది. బరువు లాగే ఇంజను పొగగొట్టం, మొదటి భాగంలో, అంతకు మించిన వేడికి చేరుతుంది. కంపెనీ అమర్చిన వేడి తొడుగు రేకును గొట్టం మార్చేటప్పుడు విప్పి మూలన పడవేయడం పరిపాటి. ట్రాలీ నుండి వ్రేలాడే గుడ్డ అంచుకూ, గోనె పీచుకూ ఆ రేకే రక్ష.

మరి తుప్పుపట్టిన సైలెన్సరు సంగతేమిటి? మార్చవలసిందే. చిన్న తిరుగుళ్లలో గొట్టం పూర్తిగా వేడెక్కక లోపల నీరు చేరి, లోపలి నుండే తుప్పు మొదలవుతుంది. సముద్రపు గాలి తగిలే ఈ ఊరిలో బయటి నుండీ తింటుంది. 2006 ఆగస్టు వరదలో మునిగిన బండ్ల అడుగుభాగాలు ఏమైనవో పాతవారికి గుర్తున్నది. అతుకుల వద్ద మసి చారలు కనిపిస్తే అక్కడ వాయువు కారుతున్నదని గుర్తు. క్యాబిన్ వైపు కారితే ఆ వాయువు ప్రాణాపాయకరం. ఒకటి రెండు రంధ్రాలైతే అతుకు వేయించవచ్చు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పించాలి, లేకుంటే ఎలక్ట్రానిక్ పరికరాలు చెడే ప్రమాదమున్నది. మొత్తం పోయినదైతే కంపెనీ భాగం కొనండి. అది మీ శక్తికి మించితే, ఆ బండి నమూనాకే తయారైన, గదులున్న బదులు సైలెన్సరును రసీదుతో కొనండి, తొడుగు రేకును తిరిగి బిగింపించండి.

ఇంకా ఉద్యోగంలో ఉన్నవారికి ఒక మాట. మన ప్రవర్తనా నియమావళి, అది 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసులదైనా, 1966 నాటి రైల్వేలదైనా, కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తుంటే ఆ సంగతి శాఖకు తెలియజేయమంటున్నది. భార్య పేరనో కుమారుని పేరనో బండి కొని బాడుగకు త్రిప్పుతున్నవారు ఆ కాగితం ఇచ్చారో లేదో చూసుకోండి. బండి ఏదైనా కేసులో చిక్కిననాడు మొదట అడిగేది ఆ కాగితాన్నే.

ఆ యువకుడు ఇంకా ఏమీ కొనలేదు. అతని బండికి ఫిట్‌నెస్ గడువు దగ్గరపడుతున్నది. వచ్చే ఆదివారం పాత సైలెన్సరును విప్పించి, అతుకుకు తగినంత రేకు మిగిలినదో లేదో ఇద్దరమూ చూడబోతున్నాము.