పసిపిల్లల మధుమేహం - సంఘ కార్యకర్తల కర్తవ్యం

(సమాఖ్య కుటుంబ సంక్షేమ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ, డ్యూటీ గంటలు - ఇవి మన తరగతులలో నిత్యం చర్చకు వచ్చే విషయాలు. ఈనాడు కార్యవర్గం నాకు అప్పగించిన విషయం వాటికి భిన్నంగా కనిపించవచ్చును. కాని ఉద్యోగి డ్యూటీ దిగి ఇంటికి వెళ్లిన తరువాత అతని కష్టంతో సంఘానికి సంబంధం లేదని మన ఉద్యమం ఏనాడూ భావించలేదు. 1974 మే 8న ప్రారంభమై 20 రోజులు సాగిన రైల్వే సమ్మెలో, క్వార్టర్ల నుండి గెంటివేయబడిన కుటుంబాలకు తోటి కార్మికులు అండగా నిలిచిన సంగతి మన పెద్దలు మరువలేదు. ఆ సంప్రదాయానికి వారసులుగానే నేడు మరొక కష్టాన్ని గురించి ఆలోచిస్తున్నాము. మొదటి రకం మధుమేహం కొత్తగా బయటపడిన పిల్లలకు, వారి తల్లిదండ్రులకు మన కార్యకర్తలు ఏ విధంగా తోడు నిలువవలెను అన్నదే నేటి విషయం.

షుగరు వ్యాధి అనగానే నడివయస్సు దాటిన వారి జబ్బు అని మనం అనుకుంటాము. పెద్దలలో ఎక్కువగా కనిపించేది రెండవ రకం. పిల్లలలో, యువకులలో తరచుగా వచ్చేది మొదటి రకం. రోగాలను ఎదుర్కొనవలసిన శరీర రక్షణ శక్తి, దారి తప్పి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలనే ధ్వంసం చేయడం దీనికి కారణం. ఇన్సులిన్ లేనిదే తిన్న ఆహారం ఒంటికి పట్టదు. కనుక బిడ్డకు ఇన్సులిన్‌ను ప్రతిదినం ఇంజెక్షన్ ద్వారా ఇవ్వవలసినదే. మాత్రలు దానికి బదులు కావు, పథ్యం బదులు కాదు. ఇది తీపి ఎక్కువ తిన్నందువల్ల వచ్చినది కాదు. తల్లి అజాగ్రత్త వల్ల వచ్చినదీ కాదు. ఒకరి నుండి మరొకరికి అంటుకొనదు. ఈ నాలుగు మాటలు మన కార్యకర్తకు కంఠస్థం కావలెను. ఏలయనగా ఆ ఇంటిలో మొట్టమొదట దోషిగా నిలబెట్టబడేది తల్లియే.

ఇన్సులిన్ చరిత్రలో శ్రామికులమైన మనం గుర్తుంచుకొనదగిన ఘట్టమొకటి ఉన్నది. 1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఈ పరిశోధన ప్రారంభించినారు. అది జరిగినది మాక్లియాడ్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో. మందును శుద్ధి చేయడంలో కోలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తోడ్పడినాడు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 సంవత్సరాల బాలునికి తొలిసారిగా ఆ మందు ఇచ్చినారు. అంతకుముందు ఈ వ్యాధి సోకిన పిల్లలు కొద్ది మాసాలలో, మహా అయితే కొద్ది సంవత్సరాలలో కన్నుమూసేవారు. బాంటింగ్, బెస్ట్, కోలిప్ తమ పేటెంటు హక్కును తలా ఒక డాలరు తీసుకొని విశ్వవిద్యాలయానికి ధారాదత్తం చేసినారు. ప్రాణం నిలిపే మందు ఎవరి గుత్తసొత్తూ కారాదన్నది వారి ఆశయం. ఆ తరువాత నూరేళ్లు గడచినవి. అయినను ఇన్సులిన్ కొనలేక, లేదా దానిని వాడే తీరు తెలియక, ఆపదలో పడుతున్న బిడ్డలు మన దేశంలో నేటికీ ఉన్నారు.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 నాటి అంచనా ప్రకారం, 20 ఏళ్లలోపు వయస్సులో ఈ వ్యాధితో జీవిస్తున్న వారు ప్రపంచంలో అందరికంటె ఎక్కువగా ఉన్నది భారతదేశంలోనే. వారి సంఖ్య సుమారు 2 లక్షల 29 వేలు. మన జాతీయ కార్యక్రమం క్రింద షుగరు పరీక్షలు ప్రధానంగా 30 ఏళ్లు దాటిన వారి కొరకు ఉద్దేశింపబడినవి. కాబట్టి పిల్లవానిలో వ్యాధిని పసిగట్టే మొదటి కన్ను ఇరుగుపొరుగు వారిది కావలసి ఉన్నది.

దాని గుర్తులు నాలుగు: తీరని దాహం, మాటిమాటికి మూత్రం, బాగా తింటున్నా బరువు తగ్గడం, విపరీతమైన నీరసం. పక్క తడపడం మానివేసిన బిడ్డ మళ్లీ తడుపుతూ ఉంటే దానిని అల్లరిగా తీసివేయకూడదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో కూడిన లోతైన ఊపిరి, మగత కనిపించినచో అది ప్రాణాపాయం. దానిని అజీర్ణమనో, జ్వరమనో పొరబడి రోజులు గడపడం వల్లనే అనర్థం జరుగుతున్నది. వ్రేలి నుండి తీసిన ఒక్క రక్తపుబొట్టుతో నిమిషంలోపున తెలిసిపోయే విషయమిది. ఈ గుర్తులున్న బిడ్డకు ఆ పరీక్ష ఆ రోజే జరగవలెను, మరునాటికి వాయిదా వేయరాదు.

ఇక బిడ్డ ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత పరిస్థితి చూడండి. నేనెరిగిన ఒక ట్రాక్‌మన్ కుటుంబం సంగతి చెబుతాను. వారి తొమ్మిదేళ్ల కుమార్తె ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడినది. డిశ్చార్జి నాడు ఒక నర్సు పది నిమిషాలలో అన్నీ చెప్పినది. తల్లి అన్నిటికీ తల ఊపినది గాని భయంలో ఏదీ చెవికెక్కలేదు. తండ్రికి మరునాడే గ్యాంగ్‌లో డ్యూటీ. ఆ రాత్రి సూది చేతబట్టిన తల్లి, బిడ్డ ఏడుపు చూసి ఆ డోసు ఇవ్వలేకపోయినది. సంగతి తెలిసి అదే కాలనీలోని ఒక మెయిల్ గార్డు భార్య ఆ పూటనే వచ్చి కూర్చున్నది. ఆమె కుమారునికి ఆరేళ్లుగా ఇదే వ్యాధి. ఆమె ఉపన్యాసమేదీ ఇవ్వలేదు. "నేనూ మొదటి వారం ఇట్లాగే ఏడ్చాను వదినా, మా వాడు నిన్న ఫుట్‌బాల్ ఆడి వచ్చినాడు" అన్నది. ఆసుపత్రి వారు వ్రాసి ఇచ్చిన కాగితం ముందు పెట్టుకొని, ఆ తల్లి చేతనే సూది వేయించినది. పది దినాలు ప్రతి సాయంత్రం వచ్చినది. పదకొండవ నాటికి ఆమె అవసరం లేకపోయినది. మనం కోరుకునే కార్యకర్తకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

డాక్టరు చేయగలది డాక్టరు చేస్తాడు. ఇదే బాటలో నడచి వచ్చిన మరొక కుటుంబం మాత్రమే ఇవ్వగల ధైర్యమొకటి ఉన్నది. ఆ ధైర్యాన్ని అవసరమైన ఇంటికి చేర్చడమే మన పని.

కార్యకర్త తెలుసుకొనవలసిన విషయాలు కొన్ని ఉన్నవి.

మొదటిది సిరంజి. మన దేశంలో సీసాలలో దొరికే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం గలది. పెన్నులలో వాడే కార్ట్రిడ్జిలలోనిది 100 యూనిట్ల బలం గలది. 40 యూనిట్ల సిరంజికి సాధారణంగా ఎర్రమూత, 100 యూనిట్ల దానికి నారింజరంగు మూత ఉంటుంది. ఇవి తారుమారైనచో ఒకప్పుడు రెండున్నర రెట్లు మందు ఎక్కి బిడ్డ స్పృహ తప్పవచ్చును, మరొకప్పుడు సగం కంటె తక్కువే అందవచ్చును. కనుక సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతి సారి సరిచూడవలెను.

రెండవది నిలువ. తెరవని ఇన్సులిన్ 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండవలెను, గడ్డకట్టరాదు. ఫ్రిజ్‌లో మంచు అరలో పెడితే మందు చెడిపోవును. ఫ్రిజ్ లేని ఇంటిలో, వాడుకలో ఉన్న సీసాను పొడి డబ్బాలో ఉంచి, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడపట్టున పెట్టుకొనవచ్చును. మన గేట్‌మన్ ఇంటిలోనూ, పల్లెటూరి బ్రాంచి పోస్టుమాస్టరు ఇంటిలోనూ సాధ్యమయ్యే ఉపాయమిది. రైలు ప్రయాణంలో మందును పెద్ద సామానులో వేయక చేతిసంచిలో ఉంచుకొనవలెను. బండి గంటల తరబడి ఆలస్యం కావడం మనకంటె ఎవరికి బాగా తెలుసును? అందుచేత వెంట తిండి, గ్లూకోజు తప్పనిసరి.

మూడవది షుగరు పడిపోవడం. చెమట, వణుకు, ఆకలి, చిరాకు, తడబాటు దాని గుర్తులు. రక్తంలో షుగరు 70 కంటె తగ్గినచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించవలెను. స్పృహ లేని బిడ్డ నోట ఏమీ పోయరాదు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి తక్షణం ఆసుపత్రికి చేర్చవలెను.

నాలుగవది జ్వరం, వాంతులు వచ్చిన రోజు. బిడ్డ అన్నం తినలేదని ఇన్సులిన్ పూర్తిగా మానివేయడం చాలా ప్రమాదం. ఆ రోజు డాక్టరును సంప్రదించి తీరవలెను.

కార్యకర్త చేయకూడని పనులు కూడా అంతే ముఖ్యమైనవి. మందు మోతాదు మార్చుమని గాని, మందు మార్చుమని గాని చెప్పరాదు. ఒక బిడ్డకు సరిపడిన లెక్క మరొక బిడ్డకు సరిపడదు. ఆ ఇంటి సంగతులు కాలనీలో చెప్పుకొనరాదు. పిలవని ఇంటికి వెళ్లరాదు, పిలిచిన ఇంటికి ఆలస్యం చేయరాదు. మూలికలతో, భస్మాలతో నెల రోజులలో నయం చేస్తామనే వారు ఈ ఇళ్ల చుట్టూ తిరుగుతారు. వారి మాట నమ్మి ఇన్సులిన్ ఆపిన బిడ్డ కొద్ది దినాలలోనే ప్రాణాపాయంలో పడును. వైద్యం మొదలైన కొత్తలో కొందరు పిల్లలకు ఇన్సులిన్ అవసరం కొంతకాలం తగ్గుతుంది. దానిని నయమైనట్లు భ్రమించేటట్లు చేయడం ఆ వ్యాపారుల ఎత్తుగడ. ఈ ఒక్క మోసాన్ని అడ్డుకొన్నా మన శ్రమ వృథా కాదు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా ప్రస్తావించక తప్పదు. పెళ్లి కాదేమోనన్న భయంతో వ్యాధిని దాచడం, నలుగురిలో సూది వేసుకోకుండా ఆపడం, ఖర్చు వద్ద కొడుకుకు ఒక న్యాయం, కూతురికి ఒక న్యాయం పాటించడం మన ఇళ్లలో లేవని చెప్పలేము. ఇన్సులిన్ క్రమంగా తీసుకొని, షుగరును అదుపులో ఉంచుకొన్న ఆడపిల్ల చదువుకొనగలదు, ఉద్యోగం చేయగలదు, వైద్యుల పర్యవేక్షణలో తల్లి కాగలదు. ఈ మాట తండ్రులకు మనం చెప్పవలెను. సంఘంలో మనకున్న పరపతిని ఇటువంటి చోట వినియోగించవలెను.

పాఠశాల సంగతి. ఈ పిల్లలు పరీక్ష హాలులోనికి గ్లూకోజు బిళ్లలు, పండ్లు, చిరుతిండి, మంచినీరు తీసుకొని వెళ్లుటకు సి.బి.ఎస్.ఇ. 2017లో అనుమతించినది. తరగతి గదిలో షుగరు పరీక్షకు, ఇన్సులిన్‌కు, మధ్యలో తినడానికి అనుమతించవలెనని జాతీయ బాలల హక్కుల సంఘం 2023లో రాష్ట్రాలకు వ్రాసినది. ఈ ఉత్తరువుల సంగతి తెలియని ఉపాధ్యాయులు అనేకులు. తల్లిదండ్రులతో కలిసి మన కార్యకర్త ఒక్కసారి పాఠశాలకు వెళ్లి, షుగరు పడిపోతే చేయవలసినదేమిటో ఒక కాగితంపై వ్రాసి ఇచ్చినచో, ఆ బిడ్డ సంవత్సరమంతా నిశ్చింతగా చదువుకొనగలుగును.

మిత్రులారా, ఇక్కడ ఒక హెచ్చరిక. మన సేవ ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాజాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో వెలువరించిన తొలి అత్యవసర మందుల జాబితాలోనే ఇన్సులిన్ ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి 2022లో మొదటి రకం మధుమేహ చికిత్సకు మార్గదర్శక సూత్రాలు ప్రకటించినది. ఈ పిల్లల కొరకే కేరళ ప్రభుత్వం "మిఠాయి" అనే పథకాన్ని నడుపుతున్నది. ఒక రాష్ట్రం చేయగలిగినది తక్కిన రాష్ట్రాలు ఏల చేయలేవని మనం అడగవలెను. ఇన్సులిన్ ఒక్కటి ఇచ్చి, పరీక్షకు కావలసిన స్ట్రిప్పులు ఇవ్వకపోవడం, పటాలు లేకుండా ఇంజను ఎక్కించడం వంటిది కాదు, సిగ్నళ్లు లేని దారిలో బండి నడుపుమనడం వంటిది.

మన శాఖలకు సంబంధించిన కోరికలూ ఉన్నవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి చేరినవి గాని మొదటి రకం మధుమేహం చేరలేదు. చికిత్సకై వెళ్లే రోగులకు రైల్వే ఇచ్చే ఛార్జీల రాయితీ జాబితాలోను దీనికి చోటు లేదు. శిశు సంరక్షణ సెలవు 730 దినాలు మహిళా ఉద్యోగులకు ఉన్నది, 2018 నుండి ఒంటరి తండ్రికి కూడా వర్తించినది. భార్య గల తండ్రికి అది లేదు. గ్యాంగ్‌లలో, రన్నింగ్ స్టాఫ్‌లో, పోస్టుమాన్లలో అధిక సంఖ్యాకులు పురుషులే. బిడ్డకు వ్యాధి బయటపడిన మొదటి మాసంలో తండ్రికి సెలవు, ఆ తరువాత కొంతకాలం రాత్రి డ్యూటీ నుండి మినహాయింపు ఇవ్వవలెనని సంయుక్త సంప్రదింపుల యంత్రాంగంలో మనం కోరదగును.

అన్నిటికంటె ముందు చూడవలసినది రెగ్యులర్ ఉద్యోగులకున్న వైద్య సదుపాయాలు లేని వారిని. గ్రామీణ డాక్ సేవకులు, స్టేషన్లను శుభ్రపరిచే కాంట్రాక్టు కార్మికులు, వారి బిడ్డలు. సభ్యత్వ రశీదు చూసి సహాయం చేసే సంఘం సంఘం కాదు.

ప్రతి బ్రాంచికి ఇద్దరు చొప్పున, వారిలో ఒకరు మహిళ అయ్యేటట్లు, కార్యకర్తలను ఎన్నుకొనండి. సాధ్యమైనంత వరకు ఈ వ్యాధిని తమ ఇంట ఎదుర్కొన్న వారిని, లేదా స్వయంగా ఇన్సులిన్ మీద పెరిగి పెద్దయిన యువకులను కోరండి. సమీపంలోని ఆసుపత్రి వైద్యునితో, నర్సుతో మాట్లాడి వారికి శిక్షణ ఇప్పించండి. ఇద్దరికీ ఒకే షిఫ్టు రాకుండా చూడండి. ఏ రాత్రి అయినా ఒకరు అందుబాటులో ఉండవలెను. బ్రాంచి నోటీసు బోర్డుపై నాలుగు గుర్తులను పెద్ద అక్షరాలతో వ్రాయించండి. వచ్చే సర్వసభ్య సమావేశానికి ఈ పని ఎంతవరకు జరిగినదో ప్రతి కార్యదర్శి నివేదికలో ఒక పేరా ఉండవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.